రిసీవర్ కొనే ముందు హాలు చూసుకోండి: సీమ ఇళ్లకు ఏ హోమ్ థియేటర్ నప్పుతుంది?

హోమ్ థియేటర్ మీద మనసు పడ్డవాళ్లు మొదట అడిగేది "ఎన్ని ఛానెళ్లది తీసుకోవాలి?" అనే, అంటే ఎన్ని స్పీకర్లకు విడివిడిగా సౌండు పంపేది అని. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉండేవాళ్లు అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. అది పెట్టబోయే హాలు ఎలాంటిది? రేపు చెడిపోతే బాగుచేసేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు? ఈ రెండూ తేలితే సగం మోడళ్లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. మిగిలినవాటిలో ఏది కొన్నా పెద్దగా బాధపడాల్సిన పని ఉండదు.

ఏవీ రిసీవర్ అంటే మూడు పనులు చేసే ఒక పెట్టె. టీవీ, స్ట్రీమింగ్ స్టిక్, సెట్‌టాప్ బాక్సు, ప్లేస్టేషన్ లాంటివన్నీ దానికి తగిలించుకుంటాం. వాటి నుంచి డాల్బీ, డీటీఎస్ అనే పద్ధతుల్లో ఒకే తీగలో కలిసి వచ్చే సౌండును అది ఛానెళ్లుగా విడదీస్తుంది, స్పీకర్లకు సరిపడా పెంచి పంపుతుంది, బొమ్మను టీవీకి దాటిస్తుంది. స్పీకర్లు దాంతో రావు, వేరేగా కొనుక్కోవాలి. అందుకే బడ్జెట్ వేసేటప్పుడు రిసీవర్ ధర ఒక్కటే చూసుకుంటే లెక్క తప్పుతుంది.

అసలు రిసీవరే కావాలా?

అద్దె ఇల్లయి, గోడకు మేకు కొడితే ఓనరు ఒప్పుకోడనుకుంటే సౌండ్‌బారే నయం. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ లాంటి 5.1 సెట్లలో (ఐదు ఛానెళ్లు, బేస్‌కు ఇంకొకటి) ముందు ఒక బారు, వెనక్కి రెండు చిన్న స్పీకర్లు, బేస్ మోతకు ఒక సబ్‌ఊఫర్ వస్తాయి. టీవీకి ఒకే హెచ్‌డీఎంఐ తీగ. ఇల్లు మారితే అన్నీ మడిచి పెట్టెలో పెట్టుకుని పోవచ్చు. చిక్కల్లా ఆ స్పీకర్లు ఆ సెట్టుకు తప్ప ఇంకెక్కడా పనికిరాకపోవడం. ప్రధాన బోర్డు పోతే మిగతావన్నీ బాగానే ఉన్నా మూలన పడతాయి.

మన ఊళ్లలో ఇంకో దారి కూడా ఉంది, అసెంబుల్డ్ ఆంప్లిఫైయర్. సౌండును పెంచే 7294 చిప్‌లతోనో (ఐసీలు) ఎస్‌టీకే ఐసీలతోనో బోర్డు వేసి, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బిగించి, డీటీఎస్ డీకోడర్ బోర్డు కలిపి ఇస్తారు. దీన్ని నేను తీసిపారేయను. పాటలకు, పండగ పూట ఇల్లు దద్దరిల్లడానికి ఇది చాలు. పైగా చేసినాయన వీధి చివరే ఉంటాడు, ఐసీ కాలిపోతే సాయంత్రానికల్లా మార్చి ఇస్తాడు. సినిమా దగ్గరికి వచ్చేసరికే తేడా. ఆ డీకోడర్ బోర్డుల్లో చాలావాటికి ఆప్టికల్ తీగే (సౌండును వెలుగు రూపంలో మోసేది) ఆధారం. ఓటీటీలు ఎక్కువగా పంపే డాల్బీ డిజిటల్ ప్లస్ ఆప్టికల్‌లో రాదు. టీవీ దాన్ని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపితేనే 5.1 వినిపిస్తుంది, లేకపోతే రెండు ఛానెళ్ల సౌండే. ఒక్కో స్పీకరు ఎంత దూరంలో ఉందో మైకుతో కొలిచి సరిచేసే ఏర్పాటు కూడా ఉండదు. పాట హోరెత్తుతుంది గానీ డైలాగు నలిగిపోతుంది.

సొంత ఇల్లు, వారానికి ఒకటి రెండు సినిమాలు కుదురుగా చూసే అలవాటు, తీగలు లాగించే ఓపిక, ఈ మూడూ ఉంటే రిసీవర్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. స్పీకర్లు పదిహేనేళ్లు వాడుకుని, మధ్యలో రిసీవర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

బండల నేల, స్లాబు, మిద్దె

సీమ ఇళ్లలో సౌండుకు పెద్ద శత్రువు మన కాళ్ల కిందే ఉంది. కడప బండలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల నాపరాళ్లు ఎండాకాలం కాళ్లకు చల్లగా హాయిగా ఉంటాయి. సౌండును మాత్రం తాగవు, తిప్పికొడతాయి. టైల్సు, గ్రానైటు కూడా అంతే. ఒక పరీక్ష చేయండి. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. చప్పట్టు ఆగిపోయాక కూడా సన్నగా "ర్ర్‌ర్" అని గోడల మధ్య మోగుతుంటే, ఆ హాల్లో ఎంత ఖరీదైన రిసీవర్ పెట్టినా మాటలు స్పష్టంగా వినపడవు.

దీనికి మందు చవకే. టీవీకి, సోఫాకు మధ్య నేలమీద మందపాటి జంపఖానా, కిటికీలకు దళసరి పరదాలు, పక్క గోడకు పుస్తకాల బీరువా లాంటిది ఏదైనా. ఇవి పెట్టాక మళ్లీ చప్పట్టు కొట్టి చూడండి, తేడా చెవికే తెలుస్తుంది. ఆడిస్సీ, వైపీఏఓ, డిరాక్ అంటూ రిసీవర్లలో గదిని కొలిచి సరిచేసే పద్ధతులున్నాయి. అవి స్పీకర్ల దూరాన్ని, హెచ్చుతగ్గుల్ని, కొంతవరకు బేస్ ఉబ్బును సర్దుతాయి. బండ మీద పడి లేచిన ప్రతిధ్వనిని మింగేసే శక్తి మాత్రం ఏ చిప్‌కూ లేదు.

ఇక ఛానెళ్లు. మన హాళ్లలో సోఫా వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. 7.1 అంటే చెవుల పక్కన రెండు, వీపు వెనక రెండు స్పీకర్లు. సోఫా వెనక జానెడు చోటు కూడా లేనప్పుడు ఆ వెనక రెండూ ఎక్కడ పెడతారు? అలాంటి హాలుకు 5.1 చాలు. సరౌండ్ స్పీకర్లు రెండూ కూర్చున్నవాళ్లకు పక్కగా, కాస్త వెనక్కి, అంటే టీవీని సున్నా డిగ్రీలనుకుంటే 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, చెవి కంటే కొంచెం ఎత్తులో ఉండాలి.

"ఏడు ఛానెళ్లది తీసుకో అన్నా, రేపటికి పనికొస్తుంది" అని షాపులో చెప్తారు. ఆ మాట అబద్ధం కాదు, కారణమే వేరు. ఏడు ఛానెళ్ల రిసీవర్‌లో మిగిలిన రెండింటిని వీపు వెనక కాకుండా నెత్తి మీద వాడుకోవచ్చు. దాన్నే 5.1.2 అంటారు, చివరి రెండూ ఆ ఎత్తు స్పీకర్లు. పైనుంచి కూడా సౌండు వినిపించే డాల్బీ ఆట్మాస్ అలా వినొచ్చు. చిన్న హాల్లో 7.1 కంటే 5.1.2తోనే ఎక్కువ లాభం.

అయితే ఆ ఎత్తు స్పీకర్ల దగ్గర పైకప్పు సంగతి చూడాలి. ముందు స్పీకర్ల మీద కూర్చోబెట్టి సౌండును పైకి కొట్టి కిందికి దించే రకం ఒకటుంది. దానికి సమతలంగా ఉన్న కప్పు కావాలి. ఎత్తు ఏడున్నర నుంచి 12 అడుగుల మధ్య ఉంటే మంచిది, 14 దాటితే దండగ. మామూలు ఆర్‌సీసీ స్లాబు పదడుగుల ఎత్తులో ఉంటే అద్దంలా పనిచేస్తుంది. పాత మిద్దె ఇల్లయి, దూలాలూ దంతెలూ వరుసగా ఉంటే సౌండు ఎటు పడితే అటు చెదిరిపోతుంది. రేకుల కప్పు సంగతి సరేసరి. అలాంటి ఇళ్లకు ఆట్మాస్ మీద ఆశ వదులుకుని, ఆ డబ్బుతో మంచి సబ్‌ఊఫర్ తీసుకోమంటాను.

ఇల్లు ఇప్పుడే కడుతుంటే మాత్రం ఒక్క పని మరవకండి. స్లాబు వేయకముందే టీవీ గోడ నుంచి సోఫా పక్కలకు రెండు, కప్పులోకి రెండో నాలుగో, స్పీకరు తీగలు లాగడానికి అంగుళం పైపులు వేయించండి. తర్వాత స్లాబు కొట్టించాలంటే ఖర్చు కంటే ఇంట్లో వాళ్ల చేత పడే మాటలే ఎక్కువ.

వాట్ల మాయ

పెట్టె మీద "ఛానెల్‌కు 150 వాట్లు" అని పెద్దక్షరాలు. లోపలి కాగితంలో అదే రిసీవర్‌కు 80 అని ఉంటుంది. రెండూ అబద్ధాలు కావు, కొలిచిన తీరు వేరు. మొదటిది ఒకే ఛానెల్ నడిపి, 6 ఓమ్‌ల (కరెంటుకు స్పీకరు చూపే అడ్డు) మీద, ఒక్క 1 కిలోహెర్ట్జ్ స్వరంతో, పది శాతం వక్రీకరణ (సౌండు చెడటం) దాకా తోసి తీసిన లెక్క. రెండోది రెండు ఛానెళ్లు నడిపి, 8 ఓమ్‌ల మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.1 శాతం లోపు వక్రీకరణతో తీసినది. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు ఈ రెండో లెక్కనే పక్కపక్కన పెట్టండి. పీఎంపీఓ అని వేలల్లో రాసినది కనిపిస్తే చదవడం కూడా అనవసరం.

ఇంతకీ ఇంట్లో ఎన్ని వాట్లు కావాలి? స్పీకరు సెన్సిటివిటీ 87 డెసిబెల్ అంటే, ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత మోత వస్తుందని అర్థం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. చెవికి రెండింతలు పెద్దగా అనిపించాలంటే 10 డెసిబెల్ పెరగాలి, అంటే పదింతల వాట్లు. పదడుగుల దూరంలో కూర్చుని మామూలు మోతలో సినిమా చూస్తే వాడేది కొద్ది వాట్లే, పేలుడు సీన్లలోనే ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. అందుకని 70 వాట్ల రిసీవర్‌కూ 90 వాట్ల రిసీవర్‌కూ చెవికి తెలిసే తేడా లేనట్టే. 87 డెసిబెల్ స్పీకరు బదులు 90 డెసిబెల్ స్పీకరు కొంటే రిసీవర్ వాట్లు రెట్టింపైనంత లాభం. స్పీకర్ల మీద 4 ఓమ్‌లు అని ఉంటే మాత్రం రిసీవర్ వాటిని నడపగలదో లేదో మాన్యువల్లో చూసుకోవాలి. 6 నుంచి 8 ఓమ్‌లవి తీసుకుంటే చింత లేదు.

మొత్తం లక్ష పెట్టగలిగితే నేనైతే రిసీవర్‌కు 40 వేలు దాటనివ్వను. మిగిలింది స్పీకర్లకు, అందులోనూ ముందు, టీవీ దగ్గర మధ్యలో పెట్టే సెంటర్ స్పీకరుకు. తెలుగు సినిమాలో మనం పట్టుకునేది డైలాగు. అది దాదాపుగా సెంటర్ స్పీకర్లోంచే వస్తుంది. మే నెలలో ఫ్యాను ఐదు మీద, పక్కన కూలర్ గుర్రుమంటూ ఉంటే బక్క సెంటర్ స్పీకర్లో ఒక్క ముక్కా అర్థం కాదు.

టీవీకి తగిలించేటప్పుడు

ఏఆర్‌సీ, ఈ-ఏఆర్‌సీ అనే రెండు మాటలు వినిపిస్తాయి. టీవీలోని యాప్‌ల సౌండు అదే హెచ్‌డీఎంఐ తీగలో వెనక్కి రిసీవర్‌కు వచ్చే ఏర్పాటు ఇది. ఈ-ఏఆర్‌సీ హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది, ఏమాత్రం కుదించని సౌండును కూడా మోయగలదు. అది లేదని బెంగ పడక్కర్లేదు. ఓటీటీల్లో ఆట్మాస్ వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలోనే. టీవీ దాటించగలిగితే దానికి పాత ఏఆర్‌సీ సరిపోతుంది. బ్లూరే డిస్కులు వేసేవాళ్లు ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే తగిలిస్తే ఈ గొడవే ఉండదు. పెన్‌డ్రైవ్‌లో సినిమాలు పెట్టుకుని టీవీలో చూసేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి: డీటీఎస్ సౌండును తీసుకోని టీవీలు చాలా ఉన్నాయి. అప్పుడు తప్పు రిసీవర్‌ది కాదు.

నెట్‌ఫ్లిక్స్‌లో ఆట్మాస్ కావాలంటే అల్ట్రా హెచ్‌డీ ఉన్న ప్లాన్ ఉండాలి. ఏ యాప్ అయినా సరే, తెలుగు ఆడియోకు 5.1 ఉందో లేదో ఆడియో మెనూలో చూసుకోండి. ఒకే సినిమాకు ఒక భాషలో 5.1, ఇంకో భాషలో స్టీరియో ఉండటం మామూలే.

8కే, 4కే 120 (సెకనుకు 120 బొమ్మలు) లాంటివి ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ ఆడేవాళ్లకే. పిల్లలు ఆడతామంటే గేమింగ్ పెట్టెను టీవీకే తగిలించి, సౌండు ఈ-ఏఆర్‌సీ ద్వారా రప్పించుకోవచ్చు.

ఏ తరగతిలో ఏది

ఆట్మాస్ వద్దు, 5.1 చాలనుకునేవాళ్లకు యమహా ఆర్ఎక్స్-వి385 తరహావి సరిపోతాయి. నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు, ఏఆర్‌సీ, గదిని కొలిచే మైకు ఉంటాయి. మెనూలు పాతకాలపువే అయినా మొండిగా పనిచేస్తుంది. పదీ పన్నెండడుగుల గదికి ఇంతకు మించి పెట్టడం డాబుకే.

స్లాబు ఇల్లు, 12 బై 18 లాంటి హాలు ఉంటే ఏడు ఛానెళ్ల తరగతి చూడండి. డెనాన్ ఏవీఆర్-ఎక్స్1800హెచ్, ఆంకియో టీఎక్స్-ఎన్ఆర్6100, సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్790 ఈ వరుసలోవే, మూడింట్లోనూ ఆట్మాస్, అలాంటిదే అయిన డీటీఎస్ ఎక్స్ ఉన్నాయి. సోనీది 2018 నాటి మోడల్, వైఫై ఉండదు. సౌండు మాత్రమే కావాలనుకుంటే అదేమీ లోటు కాదు. డెనాన్‌లో స్పీకర్ సెటప్ తెర మీద ఒక్కో మెట్టూ చూపిస్తూ చేయిస్తుంది. ఇంట్లో ఒక్కరికే సాంకేతికం తెలిసి, మిగతావాళ్లు రిమోటు పట్టుకోవడానికే భయపడే ఇళ్లకు నా ఓటు దానికే. ఆంకియో కొంచెం ఎక్కువ దమ్మున్న ఆంప్లిఫైయర్, పెద్ద స్పీకర్లున్నవాళ్లకు బాగుంటుంది. కానీ ఆంకియో హోమ్ ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీ 2022లో జపాన్‌లో దివాలా తీసింది. రిసీవర్ల వ్యాపారం అప్పటికే వేరేవాళ్ల చేతికి వెళ్లి కొనసాగుతోంది. పాత మోడల్ కొనేటట్టయితే విడిభాగాల సంగతి అడిగి మరీ తీసుకోండి.

డెనాన్ ఎక్స్3800హెచ్ లాంటి తొమ్మిది ఛానెళ్లవి, నాలుగు సబ్‌ఊఫర్లు తగిలించుకునేవి, సినిమాకే ప్రత్యేకంగా ఒక గది కట్టుకున్నవాళ్లకు. హాల్లో పెట్టుకుంటే సగం సాకెట్లు ఖాళీగానే ఉంటాయి.

ఎండ, కరెంటు, సర్వీసు

రిసీవర్ వేడెక్కే సరుకు. బయటే 42 డిగ్రీలుండే రోజుల్లో దాన్ని టీవీ యూనిట్‌లో అద్దం తలుపుల వెనక పెడితే గంటన్నరకు తనంతట తానే ఆగిపోవచ్చు. పైన కనీసం నాలుగైదు అంగుళాలు ఖాళీ వదలాలి, దాని మీద సెట్‌టాప్ బాక్సు పెట్టకూడదు. వెనక జాలీ వైపు వారానికోసారి చూస్తుండండి. వెచ్చదనానికి బల్లి లోపల దూరి బోర్డు మీద షార్టయితే వారంటీ వర్తించదని చెప్పేస్తారు.

మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోయే ఊళ్లలో స్టెబిలైజర్ తప్పనిసరి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ జుయ్యిమంటుంది, సైన్ వేవ్ అయితే ఫరవాలేదు. స్పీకర్లలో ఎడతెగని "గుయ్" వినిపిస్తే ముందు సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ పీకి చూడండి. ఆగిపోతే దోషం ఆ తీగది. ఆ మోత పోతుందని ఎర్త్ పిన్ను విరిచే పని మాత్రం చేయకండి. ఉరుములప్పుడు డిష్ తీగ, కరెంటు ప్లగ్గు రెండూ తీసేయాలి. పిడుగుకు ఎక్కువగా బలయ్యేది హెచ్‌డీఎంఐ బోర్డే, దాన్ని మార్చడానికి అయ్యే ఖర్చు వింటే కొత్తదే కొనొచ్చనిపిస్తుంది.

సర్వీసు దగ్గరే మన జిల్లాలకు అసలు టెన్షన్. కర్నూలు వాళ్లకు హైదరాబాదు, అనంతపురం వాళ్లకు బెంగళూరు, రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 215 కిలోమీటర్లు. కడప వాళ్లు చెన్నై పోవాలి, లేదా తిరుపతిలో ఎవరైనా ఉన్నారేమో కనుక్కోవాలి. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీ, బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో బేరమాడి రెండు వేలు తగ్గించుకున్నా, రిపేరుకు రెండుసార్లు తిరిగితే ఆ లాభం బస్సు చార్జీలకే పోతుంది. కాబట్టి కొనేముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి: ఇంటికొచ్చి చూస్తారా, మనమే మోసుకుపోవాలా? ధరలో వెయ్యి తేడా ఉన్నా, ఇంటికొచ్చే కంపెనీదే తీసుకోండి. అట్టపెట్టె, థర్మకోల్ అటక మీద దాచండి. ఏడు నుంచి పది కిలోల సరుకును ఆర్టీసీ కార్గోలో పంపాలంటే అవి లేకుండా కుదరదు.

అమెరికా సరుకు, సెకండ్ హ్యాండ్

అల్లుడో బావమరిదో అమెరికా నుంచి వస్తూ తెస్తానంటే సంతోషమే, కానీ అక్కడివి చాలావరకు 120 వోల్టులవి. మన 230లో నేరుగా పెడితే ఆ క్షణమే పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ రిసీవర్ వెనక రాసిన వాట్లకు రెట్టింపు మోసేది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. అన్నీ కలిపితే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. మొహమాటం లేకుండా వద్దనేయండి.

సెకండ్ హ్యాండ్ స్పీకర్లు ధైర్యంగా కొనొచ్చు. రిసీవర్ అయితే ప్రతి హెచ్‌డీఎంఐ సాకెట్టూ, ప్రతి స్పీకర్ ఛానెలూ నడిపించి చూశాకే డబ్బులివ్వాలి. 2020లో వచ్చిన మొదటి తరం 8కే రిసీవర్లు కొన్నిటిలో హెచ్‌డీఎంఐ చిప్ లోపం వల్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కే 120 బొమ్మ వచ్చేది కాదు. గేములకని కొనేవాళ్లు ఆ ఏటి మోడళ్లను తప్పకుండా ఆడించి చూడాలి.

కొత్తది ఇంటికొచ్చిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఫ్యాను, ఫ్రిజ్, కూలర్ ఆపేసి, మైకును చేత్తో పట్టుకోకుండా సోఫాలో చెవి ఎత్తుకు నిలబెట్టి గదిని కొలిపించండి. తర్వాత మెనూలోకి వెళ్లి స్పీకర్లన్నీ "స్మాల్" అని, క్రాస్‌ఓవర్ (దానికంటే కిందున్న బేస్‌ను సబ్‌ఊఫర్‌కు పంపే హద్దు) 80 హెర్ట్జ్ అని ఉన్నాయో లేదో చూడండి. చిన్న స్పీకర్లను కూడా రిసీవర్ ఒక్కోసారి "లార్జ్" అనుకుంటుంది, అప్పుడు వాటి బేస్ సబ్‌ఊఫర్‌కు వెళ్లదు. స్పీకర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు, అది మన కరెంటు సామాన్ల షాపుల్లోనే దొరుకుతుంది. ఒక్కో హెచ్‌డీఎంఐ సాకెట్లో అరగంటైనా ఏదో ఒకటి నడపండి. తేడా కనిపిస్తే వెనక్కిచ్చే గడువు దాటకముందే పెట్టె కట్టేయండి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నారో లేదో కూడా అప్పుడే చూసుకోండి.